ఎంపీసీ చదివి పిల్లల మెదడుపై పరిశోధన చేయవచ్చా?

"మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. తమ్ముడికి మూర్ఛ వచ్చినప్పుడు తీసిన ఎంఆర్‌ఐ చూసిన నాటి నుంచి, పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో పరిశోధిస్తానంటోంది. బైపీసీలో చేర్చకుండా పొరపాటు చేశామా?" అని గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు.

పొరపాటేమీ జరగలేదండి. స్కాన్ చూసి జబ్బును నిర్ధారించాలంటే ఎంబీబీఎస్, ఆపైన రేడియోడయాగ్నసిస్‌లో ఎండీ వంటి పీజీ తప్పవు. మీ అమ్మాయి అడుగుతున్నది వేరు. ఎక్స్‌రే, సీటీలలో ఉండే రేడియేషన్ ఎంఆర్‌ఐలో ఉండదు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను కూడా కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ స్కాన్ చేసి, మెదడులో వచ్చే మార్పులను కొలవవచ్చు. అమెరికాలో ఏబీసీడీ అనే అధ్యయనం 9, 10 ఏళ్ల వయసున్న సుమారు 11,800 మందిని చేర్చుకుని, రెండేళ్లకోసారి స్కాన్ తీస్తూ వస్తోంది. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ముఖ్య పాత్ర వహించిన సీవేదా అనే ఇలాంటి అధ్యయనానికి మన రిషి వ్యాలీ కూడా ఒక కేంద్రం.

ఈ పనిలో గణితం ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఏడేళ్ల పిల్లవాడిని టకటకమని మోగే గొట్టంలో కదలకుండా పడుకోమంటే ఎంతసేపు పడుకుంటాడు? అందుకే చాలా చోట్ల అయస్కాంతం లేని నమూనా యంత్రంలో ముందుగా పడుకోబెట్టి, ఆ చప్పుళ్లు వినిపిస్తూ 'స్టాచ్యూ' ఆట ఆడిస్తారు. అసలు స్కాన్‌లో బాగా కదిలితే స్కాన్ బొమ్మ చెదిరిపోతుంది కనుక దాన్ని పక్కన పెట్టేయవచ్చు. కొద్దిగా కదిలినప్పుడే చిక్కు: బొమ్మ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, మెదడు పైపొర ఉన్నదానికన్నా పలచగా లెక్కకు వస్తుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉన్న పిల్లలు సహజంగానే ఎక్కువ కదులుతారు. ఆ కదలికను సరిగా లెక్కలోకి తీసుకోకపోతే, లేని తేడాను జబ్బు లక్షణంగా పొరబడే ప్రమాదం ఉంది. దీన్ని పట్టుకోవడానికి భౌతికశాస్త్రం, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ కావాలి. పిల్లలతో గంటల తరబడి గడిపే ఓపిక లేకపోతే మాత్రం, ఎంత గణితం వచ్చినా ఈ రంగం వద్దనే అంటాను.

చదువు విషయానికొస్తే, కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ లేదా బయోమెడికల్‌లో బీటెక్ గానీ, ఫిజిక్స్‌లో బీఎస్సీ గానీ చేసి, తరువాత న్యూరోసైన్స్ (మెదడు, నరాల శాస్త్రం) లేదా కాగ్నిటివ్ సైన్స్ (ఆలోచన, జ్ఞాపకం వంటివాటి శాస్త్రం) వైపు వెళ్లవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐఐటీ హైదరాబాద్‌లో, హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో ఈ విషయాలపై పని జరుగుతోంది. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ చేయాల్సిందే. అంటే డిగ్రీ తరువాత మరో ఆరేడేళ్లు పట్టవచ్చు, ఆ తరువాత కూడా మన దేశంలో స్థిరమైన ఉద్యోగాలు తక్కువే. ఇది తెలిసే దిగాలి.

అప్పటిదాకా ఆగకుండా, పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. పేర్లు తొలగించిన మెదడు స్కాన్‌లు ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఒక స్కాన్ తీసుకుని పుర్రె నుంచి మెదడును, అందులో బూడిద పదార్థం నుంచి తెల్ల పదార్థాన్ని విడదీసి చూస్తే, ఈ పని తనకు నచ్చుతుందో లేదో తనకే తెలుస్తుంది. తమ్ముడి స్కాన్ సీడీ ఇంట్లో ఉంటే, దాన్ని కూడా త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడవచ్చు. అందులో కనిపించిన దానికి అర్థం మాత్రం మీ డాక్టరునే అడగమనండి.