నాన్నకు మెడలో సెంట్రల్ లైన్ వేస్తామంటున్నారు, సంతకం పెట్టాలా?

సెప్సిస్‌తో (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్‌తో) మీ నాన్నగారి బీపీ పడిపోయిందని, కాగితంలో 'ఊపిరితిత్తికి చిల్లు, రక్తస్రావం, ప్రాణాపాయం' అని చూసి చెయ్యి ఆడట్లేదని రాశారు. హనుమకొండలో ఐసీయూ నర్సుగా చేస్తున్నాను. నన్నడిగితే పెట్టండి. బీపీ నిలబెట్టే నోర్‌అడ్రినలిన్ చేతి నరంలోంచి బయటికి లీకైతే అక్కడి చర్మం నల్లబడి చచ్చిపోతుంది. అందుకే పెద్ద సిర వెతికి అందులోకి సన్నటి గొట్టం వేస్తారు, అదే సెంట్రల్ లైన్.

మెడలో ఆ సిర పక్కనే ధమని ఉంటుంది. సూది దానికి తగిలితే రక్తం ఎర్రగా ఎగజిమ్ముతుంది. కానీ బీపీ బాగా పడిన మనిషిలో ఆ గుర్తును కూడా నమ్మలేం. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేస్తారా అని తప్పకుండా అడగండి. సూది తగిలినా మెడ దగ్గరైతే అదిమి పట్టొచ్చు. కాలర్ ఎముక కింద ఆ వీలుండదు, ఊపిరితిత్తికి చిల్లుపడే భయమూ అక్కడే ఎక్కువ. వానాకాలంలో ములుగు, భూపాలపల్లి వైపు నుంచి డెంగ్యూతో ప్లేట్‌లెట్లు పడిపోయి వచ్చేవాళ్లకు మా డాక్టర్లు ఆ చోటి జోలికే పోరు. అయితే 2015లో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో ఇన్ఫెక్షన్, గడ్డకట్టడం రెండూ తక్కువ కనిపించింది ఆ చోటే! అన్నివిధాలా మంచి చోటంటూ లేదు.

గొట్టానికి దారి చూపే సన్నటి తీగ (గైడ్‌వైర్) లోపలికి పోయేటప్పుడు మానిటర్‌లో గుండె లయ ఒక్కోసారి తప్పుతుంది. డాక్టర్ తీగను కొంచెం వెనక్కి లాగగానే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత ఎక్స్‌రే.

నాకైతే అసలు భయం ఆ తర్వాతి రోజులదే. లైను ఉన్నన్నాళ్లూ రక్తంలోకి సూక్ష్మజీవులకు దారి తెరిచి ఉన్నట్టే. అమెరికాలో మిషిగన్ ఐసీయూల్లో చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో చర్మం తుడవడం, ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పడం, తొడ దగ్గర వేయకపోవడం, అక్కర తీరగానే తీసేయడం అనే ఐదు పనులు పట్టుగా చేస్తే ఈ ఇన్ఫెక్షన్లు భారీగా తగ్గాయని 2006లో తేల్చారు.

చివరిది మీ చేతిలోనూ ఉంది. రోజూ రౌండ్స్‌లో 'లైను ఇంకా కావాలా సార్?' అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. డ్రెస్సింగ్ తడిసినా, ఊడినా, చలి జ్వరం వచ్చినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి. ఐనవోలు మల్లన్న గుడి నుంచి బండారి (పసుపు) తెస్తే నుదుటికే పెట్టండి, మెడ దాకా రావద్దు. ఇది ప్రతి వారం ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటాం.

తీసేటప్పుడు పడుకోబెట్టే తీస్తారు, లేకపోతే గాలి సిరలోకి పోవచ్చు. కట్టు వేశాక కూడా కాసేపు లేపి కూర్చోబెట్టకండి.