హాస్టల్లో గంజాయి తాగిన సంగతి ఫారంలో రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పుట్టాడు, ఆ దేశ పౌరుడే. చదువంతా గుంటూరులోనే సాగింది. ఇప్పుడు వర్జీనియాలో రక్షణ శాఖ పనులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఫారంలో డ్రగ్స్ గురించి అడిగారట. ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో, అంటే నాలుగేళ్ల కిందట, హాస్టల్లో కొన్నిసార్లు గంజాయి తాగానని ఫోన్లో చెప్పి ఏడ్చాడు. కేసులేం లేవు. ఇక్కడి హాస్టల్ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది, రాయొద్దని వాళ్ల బాబాయి అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రాయమనండమ్మా, ఉన్నది ఉన్నట్టు.

ఆ ఫారం పేరు ఎస్ఎఫ్-86. అందులో 23వ సెక్షన్ గత 7 ఏళ్లలో డ్రగ్స్ వాడారా అని అడుగుతుంది, ఏ దేశంలో వాడినా చెప్పాల్సిందే. మీ అబ్బాయిది ఆ గడువు లోపలే ఉంది. అంత మాత్రాన ఉద్యోగం పోయినట్టు కాదు. ఎప్పుడు వాడాడు, ఎన్నిసార్లు, ఎలాంటి పరిస్థితుల్లో, మళ్లీ వాడే అవకాశం ఉందా, అలాంటి స్నేహాలు వదిలాడా అని మనిషి మొత్తాన్ని చూసి నిర్ణయిస్తారు. ఇక ముందు ముట్టనని, ముడితే క్లియరెన్స్ రద్దు చేయొచ్చని సంతకం చేసి ఇస్తే అది కూడా లెక్కలోకి వస్తుంది. గతంలో గంజాయి తాగడం ఒక్కటే నిర్ణయాన్ని తేల్చేయదని 2021 డిసెంబరులో అక్కడి నిఘా విభాగాల అధిపతి కార్యాలయం కూడా చెప్పింది.

నాకు భయం వేసేది మీ మరిదిగారి సలహా చూసే. విచారణ అధికారులు పాత స్నేహితులతో, రూమ్మేట్లతో మాట్లాడతారు, దాచిన మాట వాళ్లలో ఎవరో ఒకరి నోట బయటపడిందంటే అప్పుడు గంజాయి చిన్నదైపోయి అబద్ధం పెద్దదవుతుంది. ఫారంలో తెలిసి అబద్ధం రాయడం అక్కడ ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు. నిజం రాస్తే మాత్రం ఆ సెక్షన్ జవాబులను తర్వాత క్రిమినల్ కేసులో తన మీద సాక్ష్యంగా వాడరని ఫారంలోనే ఉంటుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పండి. వర్జీనియాలో 2021 జులై నుంచి పెద్దవాళ్లు కొద్దిగా గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, కానీ క్లియరెన్స్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, వాళ్ల చట్టంలో గంజాయి వాడకం ఇప్పటికీ నేరమే. ఇప్పుడు వాడుతున్నవాళ్లకు క్లియరెన్స్ ఇవ్వకూడదని 2008లో చట్టమే చేశారు. స్నేహితులు ఇచ్చినా సరే, పార్టీలో అయినా సరే, ముట్టకూడదు.

పిల్లాడు తనంతట తానే మీకు చెప్పాడు కదా, ఇప్పుడు తిట్టకండి. ఆ ఫారంలో పదేళ్ల అడ్రసులు, చదువు వివరాలు, మీ వివరాలు కూడా అడుగుతారు. కాలేజీలో చేరిన తేదీలు, హాస్టల్ అడ్రస్, సర్టిఫికెట్లు మీ బీరువాలోనే ఉండి ఉంటాయి, అవి తీసి ఫొటోలు పంపండి.