హాంకాంగ్ సర్కారు బడి లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వలస పాలనలో ఇంగ్లిషు చదువుల మీద ఎం.ఏ. వ్యాసం రాస్తున్నాను. హాంకాంగ్‌లో ప్రభుత్వమే నడిపిన ఇంగ్లిషు బళ్ళలో ఒక ఏడాది ఎలా గడిచిందో చూపించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? హాజరు పట్టికలు చూస్తే రోజూ మూడోవంతు పిల్లలు బడి ఎగ్గొట్టినట్టుంది, నిజమేనా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అన్ని బళ్ళనూ నెత్తికెత్తుకోకండి. సెంట్రల్ స్కూల్ ఒక్కటి చాలు. జేమ్స్ లెగ్ అనే మిషనరీ వేసిన పథకం ప్రకారం 1862లో గఫ్ వీధిలో తెరిచారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ స్టూవర్ట్ మొదటి హెడ్మాస్టరు. 1889లో కొత్త భవనానికి మారాక అదే విక్టోరియా కాలేజీ అయింది, 1894లో క్వీన్స్ కాలేజీ అయింది. కాబట్టి మూడు పేర్లతోనూ వెతకాలి. కాలేజీ అన్నారు గదా అని డిగ్రీ చదువు అనుకునేరు, అది హైస్కూలే.

హాంకాంగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1941 దాకా వచ్చిన ప్రభుత్వ నివేదికలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. గెజెట్, సెషనల్ పేపర్లు (శాసనమండలి ముందు పెట్టిన పత్రాలు), పాలనా నివేదికలు అందులో దొరుకుతాయి. ఒక ఏడాది నివేదిక మరుసటి ఏడు అచ్చయ్యేది. అంటే 1890 సంగతులకు 1891 సంపుటం తెరవాలి. బళ్ళ ఇన్‌స్పెక్టరు నివేదికలో ఈ బడి కనిపించలేదని కంగారు పడొద్దు. ఐటెల్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో సెంట్రల్ స్కూల్ ఆయన అజమాయిషీలో లేదు, హెడ్మాస్టరు నివేదిక విడిగా వెళ్ళేది. పాత అచ్చును కంప్యూటరు సరిగా చదవలేదు గనుక పదాలతో వెతికి ఊరుకోక పేజీలు తిప్పి చూడండి.

ఇక హాజరు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పట్టికలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఆ ఏడాది పుస్తకంలోకి ఎక్కిన పేర్ల మొత్తం. రెండోది సగటు హాజరు, అంటే రోజువారీ హాజరులన్నీ కూడి, బడి నడిచిన రోజులతో భాగిస్తే వచ్చేది. ఊహకు ఒక లెక్క చూద్దాం: పేర్లు 400, బడి నడిచింది 200 రోజులు, హాజరుల మొత్తం 56,000. సగటు 280. దీన్ని చూసి రోజూ 120 మంది రాలేదనుకుంటే తప్పు. ఆ 400 మంది ఏ ఒక్కరోజూ కలిసి కూర్చోకపోయి ఉండవచ్చు. కొందరు మధ్యలో మానేస్తే, ఆ బెంచీల మీదికి కొత్తవాళ్ళు వచ్చారు. నెలవారీ అంకెలు దొరికితే వాటిని పక్కన పెట్టుకుని చూడండి, ఎగ్గొట్టినవాళ్ళెవరో మానేసినవాళ్ళెవరో తేలుతుంది.

ఎందుకు మానేసేవారు? కంపెనీ గుమాస్తాగా, దుబాసీగా కుదరడానికి సరిపడా ఇంగ్లిషు వస్తే చాలు, ఇంట్లోవాళ్ళు బడి మాన్పించేవారు. మన మద్రాసు గుమాస్తాల కథే! చైనా కొత్త సంవత్సరం ఇంకో కారణం. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ నడుమ వచ్చే ఆ పండక్కి ఊరెళ్ళిన పిల్లలు కొందరు తిరిగి వచ్చేవారు కాదు. ప్రభుత్వ లెక్కేమో డిసెంబరు 31తో ముగుస్తుంది. 1894 తీసుకుంటే మరీ జాగ్రత్త. మే నెలలో ప్లేగు బయటపడి వేలమంది చైనీయులు ఊరు విడిచిపోయారు.

తరగతుల సంఖ్య మనకు తలకిందులు. ఒకటో తరగతి అంటే అన్నిటికన్నా పైది, ఎనిమిదోది చిన్నపిల్లలది. ఇది తెలియక పట్టిక చదివితే, చిన్నపిల్లలు ఇంగ్లిషు వ్యాసరచనలో పెద్దవాళ్ళను మించిపోయినట్టు కనిపిస్తుంది.

నన్నడిగితే 1878కి ముందొక ఏడూ తర్వాతొక ఏడూ తీసుకోండి. స్టూవర్ట్ పద్ధతిలో నాలుగు గంటలు చైనీస్, నాలుగు గంటలు ఇంగ్లిషు. సొంత భాష రానివాడికి ఇంగ్లిషు ఎక్కదని ఆయన పట్టు. 1878లో గవర్నరు హెనెసీ సమావేశం పెట్టి ఇంగ్లిషుకే పెద్దపీట వేయించాడు. ఇంగ్లిషు ఐదు గంటలకు పెరిగింది, చైనీస్ ఇష్టమైనవాళ్ళకే అయింది. రెండేళ్ళ పరీక్ష పట్టికల్లో అనువాదం గళ్ళు పోల్చి చూడండి, ఇంగ్లిషు నుంచి చైనీస్‌కూ, చైనీస్ నుంచి ఇంగ్లిషుకూ. మీ వ్యాసానికి అసలు సరుకు అక్కడుంది.

ప్రశ్న: హాంకాంగ్‌లో ఆడపిల్లల బడికి బెలిలియోస్ అనే వ్యాపారి 25,000 డాలర్లు ఇచ్చాడని చదివాను. అప్పటి రూపాయల్లో ఎంత?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సుమారు 57 వేలు. అవి అమెరికా డాలర్లు కావు, వెండి డాలర్లు. అప్పట్లో అక్కడ చెలామణి అయిన మెక్సికో డాలరులో దాదాపు 24.4 గ్రాముల మేలిమి వెండి, మన రూపాయిలో 10.7 గ్రాములు. అంటే డాలరుకు రెండూ పావు రూపాయలకు కాస్త ఎక్కువ. ఆ బడి 1890లో మొదలైంది గనుక ఈ లెక్క నడుస్తుంది. 1893లో మన టంకశాలలు జనం తెచ్చే వెండిని నాణేలుగా కొట్టడం మానేశాక రూపాయి వెండి ధరను వదిలేసింది, ఆ తర్వాతి ఏళ్ళకు ఈ కొలత వాడకండి. అన్నట్టు, బెలిలియోస్ పుట్టింది కలకత్తాలో. నల్లమందు వ్యాపారంలో గడించాడు.

ప్రశ్న: హాంకాంగ్‌లోనే ఉంటున్నాం. సెంట్రల్ స్కూల్ భవనం చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, హాంకాంగ్

జవాబు: 1889 నాటి భవనం రెండో ప్రపంచయుద్ధంలో పాడైపోయింది. ఆ స్థలంలో పోలీసు క్వార్టర్లు లేచాయి, ఇప్పుడు పీఎంక్యూ పేరుతో డిజైనర్ల దుకాణాలున్నాయి. అక్కడ పాత బడి పునాదులు కొంత మిగిలాయి. నిలిచి ఉన్న భవనం కావాలంటే నాథన్ రోడ్డులోని 1902 నాటి కౌలూన్ బ్రిటిష్ స్కూల్ చూడండి, ఇప్పుడది పురావస్తు కార్యాలయం. దాన్ని కట్టడానికి డబ్బిచ్చిన వ్యాపారి హో తుంగ్ సెంట్రల్ స్కూల్ పూర్వ విద్యార్థి. అన్ని జాతుల పిల్లలూ చదవాలని ఇచ్చాడు. యూరోపియన్లు అర్జీ పెట్టుకుంటే ప్రభుత్వం దాన్ని వాళ్ళ పిల్లలకే కేటాయించింది, ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు.