హ్యావక్ అంటే వినాశనమేనా?

సందేహం: 'హ్యావక్' (havoc) అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువులో 'వినాశనం' అని ఉంది. కానీ నిద్ర చెడింది అనడానికి కూడా ఆ మాట వాడుతున్నారు. అసలు అర్థం ఏది? 'తుపాను బీభత్సం' అనడం దీనికి సరైన అనువాదమేనా?

సమాధానం: హ్యావక్ మొదట ఒక కేక. పాత ఫ్రెంచిలో 'హావో' అంటే దోపిడీ. యుద్ధంలో గెలిచాక సేనాపతి ఆ కేక పెడితే సైనికులు వరస తప్పి, దొరికింది దొరికినట్టు దోచుకోవచ్చని అర్థం. 'ఇక కొల్లగొట్టండి' అన్నమాట. మన 'కొల్ల'కు కూడా దోపిడీ అనే అర్థం. దోపిడీకి ఎగబడితే సేన చెల్లాచెదురవుతుంది, తిరగబడిన శత్రువుకు చిక్కుతుంది. అందుకే 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ తన సేనకు విధించిన యుద్ధ నియమాల్లో, ఎవరైనా సొంతంగా ఆ కేక పెడితే తల తీస్తామని శాసించాడు. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో, పగతో తిరిగే సీజర్ ఆత్మ 'రాజు గొంతుతో' హ్యావక్ అని అరుస్తుందని సీజర్ స్నేహితుడు ఆంటొనీ అంటాడు. ఆ ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరిదో తెలిస్తేనే ఆ 'రాజు గొంతు' ఎందుకో బోధపడుతుంది.

కేక పోయింది, దాని ఫలితం మాటలో మిగిలింది. ఆ ఫలితంలో రెండున్నాయి: నాశనం, గందరగోళం. నిఘంటువు మొదటిది చెప్పి రెండోది వదిలేయడం వల్లే మీకీ చిక్కు వచ్చింది. వరద హ్యావక్ చేసిందంటే 'విధ్వంసం', 'అతలాకుతలం' సరిపోతాయి. షిఫ్టు డ్యూటీలు నిద్రతో హ్యావక్ ఆడుతున్నాయంటే మాత్రం నిద్ర 'అస్తవ్యస్తం' అయిందనాలి. అక్కడ 'నిద్ర వినాశనమైంది' అని రాస్తే తెలుగు వినసొంపుగా ఉండదు, అర్థమూ చెడుతుంది.

ఇక బీభత్సం. సంస్కృతంలో దానికి రోత పుట్టించేది అని అర్థం. నవరసాల్లో బీభత్సానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, జుగుప్స; రోత అన్నమాట. యుద్ధంలో రోత పుట్టే పని చేయడు కాబట్టే అర్జునుడు బీభత్సుడయ్యాడు. తెలుగులో ఆ మాట ఘోరమైన విధ్వంసం వైపు జరిగింది. జనం నోట స్థిరపడిన అర్థాన్ని తప్పు పట్టడం నాకు సమ్మతం కాదు. తుపానుకు 'బీభత్సం' నిక్షేపంగా వాడండి. నిద్రకో, జీర్ణశక్తికో వద్దు.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. హ్యావక్‌కు ముందు తరచుగా వచ్చే క్రియ 'రీక్' (wreak). ప్రతీకారం తీర్చుకోవడం దాని పాత అర్థం. చాలామంది దాన్ని 'రెక్' అని పలికి, ఓడ పగిలిపోవడానికి వాడే మాట స్పెల్లింగు (wreck) రాసేస్తారు. అది పొరపాటు. హ్యావక్‌ను ఇప్పటి ఇంగ్లీషులో బహువచనం చేయరు, ముందు 'ఎ' కూడా చేర్చరు.