ఫెడరల్ వన్యప్రాణి గ్రాంటుకు పౌర హక్కుల, పర్యావరణ కాగితాలు ఎందుకు? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు అమెరికాలో ఒక కౌంటీ పార్కుల శాఖలో కొత్తగా చేరారు. ఫెడరల్ వన్యప్రాణి నిధుల్లోంచి రాష్ట్రం ద్వారా వచ్చే గ్రాంటుతో చెరువు ఒడ్డున చేపలు పట్టుకునేందుకు ఒక పియర్ (నీటి మీదికి చొచ్చుకొచ్చే వేదిక) కట్టాలి, పక్కనున్న చిత్తడి నేలను బాగుచేయాలి. టైటిల్ సిక్స్, సెక్షన్ 504 (పౌర హక్కులు), నీపా (జాతీయ పర్యావరణ విధాన చట్టం), సెక్షన్ 7 (అంతరించే ప్రమాదమున్న జాతులు), సెక్షన్ 106 (చారిత్రక సంపద) అంటూ ఒక్కసారిగా కాగితాలు అడిగేసరికి టెన్షన్ పట్టుకుంది. "మేం చేసేదే చేపలకూ పక్షులకూ మంచి పని, మాకు ఇవన్నీ దేనికి?" అని అడిగారు.

మిడ్‌వెస్ట్‌లో ఒక రాష్ట్ర వన్యప్రాణి శాఖలో తొమ్మిదేళ్లు ఇవే గ్రాంట్లు చూశాను. మొదటి ఏడాది నేనూ అచ్చం ఇలాగే అడిగాను. ఇప్పుడు నేను చెప్పేది ఒకటే. ఈ కాగితాలను దరఖాస్తు చివర జతచేసేవిగా చూడకండి. ఇంజనీరు చేతికి పెన్సిల్ ఇవ్వకముందే వీటితో మొదలుపెట్టండి. ఎందుకో నేను కళ్లారా చూసిన రెండు సంగతులు చెబుతాను.

మా నిధులతో కట్టిన ఒక పియర్ ప్రారంభం రోజు నేనూ వెళ్లాను. పార్కింగ్ నుంచి ర్యాంప్ బాగానే ఉంది, వాలు 1:12 లోపే. వీల్‌ఛైర్‌లో ఒక పెద్దాయన మనవరాలితో వచ్చాడు. పియర్ చుట్టూ రెయిలింగ్ 42 అంగుళాల ఎత్తు. ఆయన గాలపు కర్రను రెండు చేతులతో తలపైకి ఎత్తి కడ్డీ మీదుగా విసిరాడు. బెండు ఎక్కడ పడిందో ఆయనకు కనబడలేదు. అది కదిలినప్పుడల్లా ఆ పిల్ల చెబుతూ ఉంది, ఆయన ఊహించి లాగుతున్నాడు. పావుగంట తర్వాత గాలం చుట్టేసి, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు.

వైకల్యం ఉన్నవారికి అందుబాటు గురించి 2010 ఏడీఏ (అమెరికా వైకల్య హక్కుల చట్టం) ప్రమాణాల్లో ఫిషింగ్ పియర్‌కు ప్రత్యేకంగా రాసి ఉంది. రెయిలింగ్ పెడితే అందులో కనీసం 25 శాతం 34 అంగుళాలకు మించకూడదు. ఆ తక్కువ ఎత్తు భాగాలు కూడా ఒకే మూలన కాకుండా పియర్ పొడవునా అక్కడక్కడా ఉండాలి. భవన నిర్మాణ కోడ్ ప్రకారం ఎత్తైన రక్షణ కడ్డీ పెట్టిన చోట మినహాయింపు ఉంది కానీ, మా పియర్ నీటికి రెండడుగుల ఎత్తులో మాత్రమే ఉంది, అక్కడ ఆ అవసరమే లేదు. వివక్ష చూపబోమని సంతకం చేసిన హామీ పత్రం ఫైల్లో భద్రంగా ఉంది. డ్రాయింగులు చూసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ర్యాంప్ చూసి తృప్తిపడ్డాం, కూర్చున్న మనిషి కళ్లు ఏ ఎత్తులో ఉంటాయో ఎవరమూ ఆలోచించలేదు. తర్వాత రెయిలింగ్ కోయించి తగ్గించాం. ఆ ఖర్చు గ్రాంటులో పెట్టలేకపోయాం.

ఇంకో మాట. ఈ పియర్‌లకు డబ్బు ఇచ్చేది 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం. చేపలు పట్టే సామాను తయారుచేసేవాళ్లు తమ అమ్మకం ధర మీద కట్టే 10 శాతం ఎక్సైజ్ పన్ను అందులోకి వెళ్తుంది (గాలపు కర్రకైతే 10 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది). వేట నిధులకు 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ఇలాగే తుపాకులు, తూటాల మీద పన్నుతో నడుస్తుంది. అంటే ఆ పెద్దాయన కర్ర కొన్నప్పుడు ఆ ధరలోనే ఈ పియర్‌కు డబ్బు కట్టాడు. ఫెడరల్ వాటా సాధారణంగా 75 శాతం దాకా ఉంటుంది. తన డబ్బుతో కట్టిన చోట ఆయన చేప పట్టలేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పౌర హక్కుల చట్టాలు చాలానే ఉన్నాయి, చూసి భయపడకండి. జాతి, రంగు, జాతీయ మూలం విషయానికి 1964 నాటి చట్టంలో టైటిల్ సిక్స్, వైకల్యానికి 1973 నాటి సెక్షన్ 504, వయసుకు 1975 నాటి చట్టం, విద్యా కార్యక్రమాల్లో స్త్రీపురుష భేదానికి 1972 నాటి టైటిల్ నైన్. చాలామంది పొరబడేది ఒక చోట. గ్రాంటు పియర్‌కే వచ్చినా, ఈ బాధ్యత మీ పార్కుల శాఖ పనులన్నింటికీ వర్తిస్తుంది. 1988లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ సంగతి చట్టంగానే తేల్చింది. కాబట్టి మీ వేసవి శిబిరాలు, ఆఫీసు కౌంటర్, నోటీసు బోర్డు అన్నీ లెక్కలోకి వస్తాయి. వేట శిక్షణ తరగతికి వినికిడి లేని కుర్రవాడు వస్తానంటే సైన్ లాంగ్వేజ్ అనువాదకుడిని ఎలా ఏర్పాటు చేస్తారో ముందే రాసి పెట్టుకోండి. ఫిర్యాదు ఎక్కడ చేయాలో, వివక్ష జరిగిన 180 రోజుల్లోపు చేయాలని జనానికి కనబడేలా అంటించండి.

ఇక పర్యావరణం వైపు. "మంచి పనే కదా" అన్నది ఇక్కడ మినహాయింపు కాదు. ఈ నిధులు చూసే ఫెడరల్ సంస్థ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ మీ గ్రాంటును ఆమోదించడమే ఒక ఫెడరల్ చర్య, దాంతోనే నీపా, అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం, చారిత్రక సంపద పరిరక్షణ చట్టం మూడూ వర్తిస్తాయి. గ్రాంటు ఇచ్చే విభాగం తమ సంస్థలోనే ఉన్న జీవజాతుల విభాగంతో సెక్షన్ 7 సంప్రదింపులు జరపాలి. తమను తామే అడగాలన్నమాట. నాకు మొదట వింతగా తోచింది, గబ్బిలాల కథ తర్వాత అర్థమైంది.

ఒక చిత్తడి నేల పనిలో గట్టు కట్టేందుకు నలభై చెట్లు కొట్టాలి. కాంట్రాక్టరు ఏప్రిల్లో రంపాలతో సిద్ధం. అప్పటికి ఐపాక్ అనే ఆన్‌లైన్ సాధనంలో జాతుల జాబితా కూడా తీయలేదు. తీస్తే అందులో నార్తర్న్ లాంగ్-ఇయర్డ్ బ్యాట్ అనే పొడుగు చెవుల గబ్బిలం వచ్చింది. వైట్-నోస్ సిండ్రోమ్ అనే ఫంగస్ జబ్బు వల్ల అది కుప్పకూలింది. 2015లో ముప్పున్న జాతిగా, 2023 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతిగా చేర్చారు. వేసవిలో వదులైన బెరడు కింద పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు కొన్ని వారాల దాకా ఎగరలేవు. అప్పుడు చెట్టు పడితే పిల్లలూ దానితోనే పోతాయి. పని చలికాలానికి వాయిదా పడింది, ఒక సీజన్ పోయింది. జనవరిలోనే జాబితా తీసి ఉంటే మార్చిలో కొట్టేసేవాళ్లం.

అందుకే మీరు ఈ వారమే ఐపాక్‌లో మీ స్థలం సరిహద్దు గీసి జాబితా తీయండి. అది 90 రోజులు దాటితే మళ్లీ చూసుకోవాలి. మట్టి తవ్వే ప్రతి చోటూ మ్యాపులో గుర్తించి రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి పంపే ఏర్పాటు చేయండి, వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. ఆదిమ తెగల ప్రభుత్వాలతో సంప్రదించే బాధ్యత మాత్రం ఫెడరల్ సంస్థదే, దానికి సమయం అదనంగా వేసుకోండి. చిత్తడి నేలలో మట్టి నింపేది ఉంటే క్లీన్ వాటర్ చట్టం సెక్షన్ 404 కింద ఆర్మీ కోర్ (సైన్యపు ఇంజనీర్ల విభాగం) అనుమతి అవసరమవుతుందేమో అడగండి. ఇవన్నీ తేలి ఆమోదం చేతికి వచ్చేదాకా ఒక్క చెట్టు కూడా ముట్టుకోవద్దు.

నీపా విషయంలో పాత ఫైలు చూసి కాపీ కొట్టకండి. 2025లో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కు పైనున్న ఇంటీరియర్ శాఖ తన నీపా నిబంధనల్లో చాలా భాగం తొలగించింది. మీ రాష్ట్ర గ్రాంట్ల అధికారిని ఇప్పటి ఫారమే అడిగి తీసుకోండి. చిన్న పియర్ లాంటివి తరచూ 'కేటగారికల్ ఎక్స్‌క్లూజన్' (పెద్ద ప్రభావం ఉండని పనులకు వివరమైన పరిశీలన నుంచి మినహాయింపు) కింద తేలిపోతాయి, అయినా అది ఎందుకు వర్తిస్తుందో రాతపూర్వకంగా ఉండాలి.

మీ పియర్ నీటికి ఎంత ఎత్తులో ఉంటుందో, పార్కింగ్ నుంచి దారి ఏ రకం నేల మీద వస్తుందో ఇక్కడ రాయండి. రెయిలింగ్ ఎత్తు, ర్యాంప్ కొలతలు నేను చూసి చెబుతాను.