ఉప్పుగాలిలో బండి, బోరు, రేకుల షెడ్డు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది 1988 చేతక్ స్కూటరు, పాయింట్ల బండి (తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చుతో ప్లగ్గుకు నిప్పు పుట్టించే పాత రకం). పొద్దున్న చోక్ లాగితే రెండు కిక్కులకే స్టార్టవుతుంది. పెందుర్తి నుంచి సబ్బవరం వెళ్లేలోగా దారిలో ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే మళ్లీ మామూలే. కార్బురేటరు కడిగించాను, ప్లగ్గు మార్పించాను. ఇప్పుడు మెకానిక్ రీబోరు (సిలిండరు లోపల అరగదీసి కొత్త పిస్టన్ వేయడం) చేయించమంటున్నాడు. చేయించాలా?

జవాబు: తొందరపడకండి. పిస్టన్, రింగులు అరిగిన బండి పొద్దున్నపూట స్టార్టవడానికే సతాయిస్తుంది. మీది వేడెక్కాక ఆగి, చల్లారాక నడుస్తోంది. అంటే కరెంటైనా పోతోంది, పెట్రోలైనా అందడం లేదు. ఏదన్నది బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే తేలాలి. చల్లారాక మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఆయనకు అన్నీ బాగానే కనిపిస్తాయి.

డిక్కీలో ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు పెట్టుకోండి. బండి ఆగగానే ముందు ట్యాంకు మూత వదులు చేసి కిక్ కొట్టండి. వెంటనే అందుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడిపోయింది. సన్నటి తీగతో పొడిస్తే సరి. అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, తడిగా ఉంటే కరెంటు లేదు. రెండో ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని ఒంటిని హెడ్డుకు ఆనించి కిక్ కొట్టించండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. చిటపటమంటూ నీలం నిప్పు వస్తే కరెంటు బాగున్నట్టు. పసుపుగా, బలహీనంగా వచ్చినా, అసలు రాకపోయినా అనుమానించాల్సింది కండెన్సరును (పాయింట్ల దగ్గర నిప్పు రేగకుండా చూసే చిన్న డబ్బా), ఆ తర్వాత హెచ్‌టీ కాయిల్‌ను (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది).

మీరు చెప్పిన లక్షణాలకు కండెన్సరే ఎక్కువ సరిపోతుంది. వేడెక్కేకొద్దీ దాని లోపలి ఇన్సులేషన్ లీకవుతుంది, పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా అక్కడే నిప్పు రేగుతుంది, ప్లగ్గుకు చేరేది తగ్గిపోతుంది. ఫ్లైవీల్ కిటికీలోంచి చూడండి. పాయింట్లు నీలంగా కాలి, ఒకదాని మీద గుంత, ఎదుటిదాని మీద బొడిపె కనిపిస్తే కండెన్సరు, పాయింట్లు రెండూ కలిపి మార్చండి. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే తీయించాలి. సుత్తితో కొడితే క్రాంక్ వంకరపోతుంది, అప్పుడు నిజంగానే ఇంజను విప్పాల్సి వస్తుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నచోట సందు 0.4 మి.మీ. దగ్గర ఉండాలి. సందు మారితే టైమింగూ మారుతుంది కాబట్టి అదీ సరిచూడమనండి. ఏళ్ల తరబడి కొట్లో పడి ఉన్న కండెన్సరు కొత్త అట్టపెట్టెలో ఉన్నా పాడై ఉండొచ్చు. రెండు కొని ఒకటి దాచుకోవడం మేలు.

ప్లగ్గు పొడిగా ఉంటే మాత్రం పెట్రోలు పైపు ఊడదీసి సీసాలోకి వదలండి. తెగకుండా ధారగా పడాలి. ఆ సీసాను కాసేపు కదపకుండా ఉంచి అడుగు చూడండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజనుకు ముందు అందేది ఆయిల్ లేని ఆ అడుగు నీరే, టూ స్ట్రోక్ బండి సీజ్ కావడానికి (పిస్టన్ పట్టేసుకోవడానికి) అది చాలు. సీసాలో రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం దించేసి, కొత్త పెట్రోలు లీటరుకు 20 మి.లీ. ఆయిల్‌తో పోయండి. పాత రబ్బరు పైపు మెత్తబడి ఉంటే అదీ మార్చేయండి. బండిని నెలకు మించి పక్కన పెట్టేట్టయితే ట్యాప్ కట్టేసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి కార్బురేటరు ఖాళీ చేయండి.

ప్రశ్న: నా స్కూటరు తెల్లటి పొగ చిమ్ముతోంది. ఆయిల్ తక్కువ కలిపినా తగ్గలేదు. (గాజువాక)

జవాబు: ఆయిల్ తగ్గించడం వెంటనే మానేయండి. గేరాయిల్ లెవెల్ స్క్రూ విప్పి చూడండి. నూనె రంధ్రం అంచుదాకా ఉండాలి. నింపిన కొన్నాళ్లకే తగ్గిపోతుంటే క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీలు పోయింది, గేరాయిల్ ఇంజన్లోకి వెళ్లి కాలుతోంది. సీలు చౌక, కూలీయే ఎక్కువ. విప్పినప్పుడు ఫ్లైవీల్ వైపు సీలు కూడా మార్పించేయండి.

ప్రశ్న: భీమిలి దగ్గర ఊళ్లో ఆవులకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు రేకుల షెడ్డు వేయాలి. హుద్‌హుద్‌లో పాతది మొత్తం లేచిపోయింది. ఈసారి ఎగరకుండా ఎలా?

జవాబు: రేకు మందం కన్నా ముందు గాలి లెక్క చూడాలి. భారతీయ ప్రమాణాల్లో విశాఖపట్నానికి గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. మీకు కావలసింది 14 అడుగుల రేకులు 7. అర మి.మీ. మందం రేకు ఒక్కోటి 20 కిలోలు తూగుతుంది, దాన్ని పైకి లేపే బలం 700 కిలోల దాకా వస్తుంది. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టడం ఎందుకూ కొరగాదని దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా చుట్టూ గోడల్లేని షెడ్డులో గాలి కిందనుంచి తోస్తుంది, పైనుంచి పీలుస్తుంది. కాబట్టి ఈ లెక్కను కనీసంగానే తీసుకోండి.

కప్పు మొత్తం మీద 4,500 కిలోలు అనుకుంటే, ఆరు స్తంభాల్లో ఒక్కోటి 750 కిలోలు పట్టి ఉంచాలి. చాలా షెడ్లలో కనిపించే అడుగున్నర గుంత చాలదు. రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంత తీసి పూర్తిగా కాంక్రీటు పోస్తే 800 కిలోల బరువొస్తుంది. స్తంభం అడుగున అడ్డంగా ఇనుప ముక్క వెల్డింగ్ చేయించండి, లేకపోతే పైపు కాంక్రీటులోంచి జారి వచ్చేస్తుంది. కాంక్రీటును నేలకన్నా అడుగు ఎత్తు లేపి, పైభాగం వాలుగా చదును చేయించండి. ఆవు మూత్రం తగిలే చోట, నీళ్లు నిలిచే చోట పైపును ముందుగా తుప్పు తింటుంది.

అడ్డ పైపులు మధ్యలో మూడడుగులకొకటి, చూరు దగ్గర రెండడుగులకొకటి. స్క్రూలు రేకు మిట్ట మీద, రబ్బరు వాషరుతో. మధ్యలో ఒక మిట్ట విడిచి ఒక మిట్టకు, అంచుల్లో ప్రతి మిట్టకూ. గాలి రేకును పట్టుకునేది అంచులోనే. వాషరు కొద్దిగా ఉబ్బగానే బిగించడం ఆపాలి. ఇంకా తిప్పితే రేకు నొక్కుకుపోయి, వాషరు చీలి, మొదటి వానకే కారుతుంది. తుపాను కన్ను మీదుగా వెళితే ముందు ఈశాన్యం నుంచి, తర్వాత నైరుతి నుంచి గాలి కొడుతుంది. కాబట్టి సముద్రం వైపు ఒక్కటే గట్టిగా కడితే సగం పనే.

వెల్డింగ్ చేసినచోట జింకు పూత కాలిపోతుంది. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూస్తే ఉప్పుగాలికి నిలవదు. ముందు జింకు ప్రైమరు, ఆ పైన రెండు కోట్ల రంగు.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో చేసి రిటైరయ్యాను. ముత్యాలమ్మపాలెం వైపు ఇల్లు. ఉలులు, చిత్రిక, పానాలు నెల తిరిగేసరికి తుప్పు పడుతున్నాయి. కొబ్బరినూనె రాస్తున్నాను.

జవాబు: కొబ్బరినూనె వద్దు. కాలం గడిచేకొద్దీ ముక్కిపోయి జిగటై దుమ్ము పట్టిస్తుంది. కుట్టుమిషన్ నూనె గానీ వ్యాజలీన్ గానీ పలుచగా రాయండి. అంతకన్నా ముఖ్యం, ఇనుము మీద చేరిన ఉప్పు. అది గాలిలోని చెమ్మను లాగుతూనే ఉంటుంది, నూనె దాని పైనే కూర్చుంటుంది. ముందు మంచినీళ్లతో కడిగి, ఎండలో బాగా వేడెక్కాక నూనె పెట్టాలి.

పట్టిన తుప్పుకు లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి తీయండి. స్ప్రింగులను, సన్నటి రంపాలను ఇందులో ఉంచకండి, పెళుసెక్కి విరిగే ప్రమాదముంది. బ్యాటరీ ఛార్జరుతో తుప్పు తీసే పద్ధతి వాడితే నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చాకలిసోడా, పనిముట్టుకు నెగెటివ్ తీగ, ఎదుట పెట్టే మామూలు ఇనుప ముక్కకు పాజిటివ్ తీగ. ఎదుటి ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వద్దు, నీటిలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి.

ప్రశ్న: ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బోరు మోటారు మూలుగుతోంది, నీళ్లు రావు. పైకి లాగాలంటే ఖర్చు. (ఆనందపురం)

జవాబు: లాగే ముందు పైనున్న పెట్టె చూడండి. మీటరుతో వోల్టేజీ మోటారు వేసి ఉండగానే కొలవండి. 180 దాటకపోతే లోపం మోటారుది కాదు. బాగుంటే మెయిన్ ఆపి, 100 వాట్ల పాత బల్బు తీగలు కెపాసిటరు రెండు కొసలకూ ఆనించి ఛార్జి దించండి. దించకుండా చెయ్యి పెట్టకండి. కెపాసిటరు మీద 36 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, దాని సామర్థ్యపు కొలత) అని ఉండి మీటరు 30 కన్నా తక్కువ చూపితే మార్చాలి. కొత్తది అదే ఎంఎఫ్‌డీ, అదే వోల్టేజీ ఉండాలి. మార్చిన స్టార్టింగ్ కెపాసిటరు వారంలోపే ఉబ్బి పేలితే లోపం రిలేలో ఉంది. మోటారు అందుకున్నాక అది కెపాసిటరును విడిపించడం లేదు. పెట్టె అడుగున రంధ్రాలు మూయించండి. కాంటాక్టుల మధ్య నలిగిన బల్లి వల్ల ఆగిన బోర్లు తక్కువేం కాదు.

ప్రశ్న: బండికి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. ఆర్సీకి ఏం చేయాలి?

జవాబు: గడువుకు ముందు 60 రోజుల్లోపు ఫారం 25తో దరఖాస్తు చేయండి. తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకు పొడిగిస్తారు. బీమా, పొల్యూషన్ పత్రం చెల్లుబాటులో ఉండాలి. ఛాసిస్ నంబరు తుప్పులో కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో మాత్రమే తుడవండి. ఎమరీ కాగితం, గ్రైండరు తగిలిస్తే అంకెలు దిద్దారన్న అనుమానం వస్తుంది.