6000 స్పీడ్ ర్యామ్ కొంటే 4800 అనే చూపిస్తోందేంటి?

బయోస్‌లో (పీసీ మొదలయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్, ఏఎండీ బోర్డయితే ఎక్స్‌పో, ఆన్ చేయకపోవడం వల్లే. డబ్బా మీది 6000 నిజానికి ఓవర్‌క్లాకింగే, అంటే ప్రామాణిక వేగాన్ని మించి నడపడమే. మనం ఆ ప్రొఫైల్ ఎంచుకునేదాకా బోర్డు ప్రామాణిక వేగంతోనే నడిపిస్తుంది.

విశాఖ ద్వారకానగర్‌లో డీడీఆర్5 రకం 6000 ర్యామ్ కిట్ కొని ఇంట్లో బిగించారనుకోండి. టాస్క్ మేనేజర్‌లో 4800 కనబడుతుంది. చాలా బోర్డుల్లో పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి, బయోస్‌లో ప్రొఫైల్ ఎంచుకుని, ఎఫ్10తో సేవ్ చేస్తే చాలు. తర్వాత మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటోందన్నమాట, టెన్షన్ పడి స్విచ్ ఆపేయకండి.

పీసీ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 3000 చూసి షాపువాడు ముంచాడనుకుంటారు చాలామంది. అదేం కాదు. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, కాబట్టి ఆ 3000 అంటే 6000 అనే.